పెచ్చుల కింద కుర్చీలు

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. సుభాష్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీద వచ్చిన కోపమైతే ఇప్పటికీ పోలేదు.

పై అంతస్తు మాది. ముందు గదిలో ఆదివారం పొద్దున్న పిల్లలకి తెలుగు చదవడం, రాయడం నేర్పుతాను. ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో మన పిల్లలు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు గానీ శ్రీకాకుళంలో దిగితే బస్సు మీద ఊరి పేరు చదవలేరు. బడిలో ఉద్యోగం అయిపోయాక నాకు మిగిలిన బడి ఆ గది ఒక్కటే. అది పోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు.

కిందటి ఎండాకాలం, మేడ మీద నుంచి చెమ్మ దిగకుండా పని చేయించాలని మీటింగులో అనుకున్నాం. మేడ అందరిదీ కాబట్టి పని అసోసియేషన్‌ది. మా సెక్రటరీ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన పెద్దమనిషి. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పుట్టింటి రైల్వే క్వార్టర్ల వీధిలోనే పెరిగాడు, అన్నయ్యా అని పిలుస్తాను. ఆయనే ఒక మేస్త్రీని తీసుకొచ్చాడు. ఈయనకి లైసెన్సుందా, ఇలాంటి పని ఇంతకుముందు ఎక్కడ చేశాడు అని అడిగాను. అందరూ నవ్వారు.

"మనోడేనమ్మా. క్వార్టర్లలో పని సేసినోడు. మనోడిని కాయితం అడుగుతారేటి?" అన్నాడు సెక్రటరీ.

రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకుండే జబ్బు ఇది. అక్కడ గోడ చెమ్మగిల్లితే మరమ్మతులు చూసే ఐఓడబ్ల్యూ ఆఫీసుకి వెళ్లి చెప్పేవాళ్లం. కొన్నాళ్లకి నిచ్చెన మోసుకుంటూ మనుషులొచ్చేవారు. మీరెవరని మా నాన్న ఒక్కనాడూ అడగలేదు, మా అమ్మ టీ కూడా ఇచ్చేది. వాళ్ల వెనక ఆఫీసుండేది, వాళ్లు పాడుచేస్తే ఆఫీసే మళ్లీ బాగుచేసేది. సొంత ఫ్లాట్లు కొనుక్కుని వచ్చేటప్పుడు ఆ నమ్మకాన్ని కూడా సామాన్లతోపాటు లారీ ఎక్కించాం. ఇక్కడ ఎవడి వెనకా ఏ ఆఫీసూ లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మేస్త్రీ క్వార్టర్లలో చేసిన పనల్లా గోడలకి సున్నం వెయ్యడమేనని తరవాత తెలిసింది.

అతను ముందుగా మేడ మీది జల్‌ఛాద్ పగలగొట్టించాడు. నీళ్లు దిగకుండా శ్లాబు మీద సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచే పొరని ఇక్కడ అలా అంటారు. దాన్ని ఉలితో కొంచెం కొంచెంగా తియ్యాలి. ఇతను సమ్మెటలతో బాదించాడు. నా వంటింట్లో గ్లాసులు అదిరిపోతుంటే పైకెళ్లి కేకలేశాను. సెక్రటరీ అక్కడే గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దగ్గరుండి చూసుకుంటున్నానమ్మా, నువ్వెళ్లు అన్నాడు. చూసుకున్నాడు, నిజమే. శ్లాబు పగులుతుంటే చూస్తూ కూర్చున్నాడు. చివర్లో మేస్త్రీ పైన నల్లగా ఏదో పూసి, మసిపూసి మారేడుకాయ చేసి వెళ్లిపోయాడు.

మొదటి పెద్దవానకే మా గది కారింది. వానాకాలం సగంలో, ఒక శనివారం సాయంత్రం, పలకంత పెచ్చు ఊడి పిల్లలు కూర్చునే చాప మీద పడింది. అదే మర్నాడు పొద్దున్న పడుంటే? చాప చుట్టి వరండాలో పడేశాను.

బాగుచేయించమని వెళితే సెక్రటరీ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. మేస్త్రీ ఫోనెత్తడం లేదట. పాడుచేసింది మేస్త్రీయట, అసోసియేషన్ కాదట. గది లోపలి కప్పు నాదేనట, నేనే చూసుకోవాలట. పనికి ముందు మనోడు, పని చెడ్డాక వాడెవడో! పిలిచింది మీరు, అడగొద్దని నా నోరు మూయించింది మీరు, గొడుగేసుకుని చూసింది మీరు, మరి బాధ్యత నాదెలా అయిందని అడిగాను. కింది ఫ్లాటులో ఉండే బెంగాలీ దాదా, మా ప్రెసిడెంటు, అక్కడే ఉన్నాడు. "కిచ్ఛు హబే నా దీదీ," ఏమీ కాదు అని ఎంతో మర్యాదగా చెప్పాడు. సెక్రటరీ అందుకున్నాడు.

"సిన్న పెచ్చేనమ్మా. ఇంకేటీ పడదు. పిల్లల్ని కూసోబెట్టి పాఠం సెప్పుకో."

ఆ మాటకి నా ఒళ్లు మండిపోయింది. సొంత మనవల్ని ఆ చాప మీద కూర్చోబెడతాడా ఈ మనిషి? పిల్లల్ని రావొద్దని నేనే ఇంటింటికీ ఫోన్ చేసి చెప్పాను. ఇందా పేట నుంచి సైకిలు మీద వచ్చే పిల్ల ఒకతి, గుణింతాలు సగంలో ఉండగా ఆగిపోయింది. ఆదివారం పొద్దున్నే లేచి తల దువ్వుకుని, చెయ్యడానికేమీ లేక వంటింట్లో కూర్చునేదాన్ని.

మా అసోసియేషన్‌కి ఒక పద్ధతుంది. నెలనెలా మీటింగు వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో పెట్టుకుంటాం, టీ, సింగాడాలు, అంటే ఇక్కడి సమోసాలు, ఆ ఇంటివాళ్లవి. దుర్గాపూజ ముందు మీటింగు మా వంతయింది. గది శుభ్రంగా ఊడ్చాను. వరండాలోంచి చాప తెచ్చి అదే చోట పరిచి, చువ్వలు బయటపడ్డ కప్పు కింద కుర్చీలు దగ్గరదగ్గరగా వేశాను.

అందరూ వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు తలెత్తి చూసి, గుమ్మంలోనే నిలబడిపోయారు. సెక్రటరీ ఒక కుర్చీని మెల్లగా గోడ వారకి లాక్కున్నాడు. నేను సింగాడాల పళ్లెం కింద పెట్టి, ఆ కుర్చీని మళ్లీ చాప మీదకి తెచ్చాను.

"కూర్చోండన్నయ్యా. ఇంకేటీ పడదన్నారు కదా."

ఆయన కూర్చోలేదు. దాదా గొంతు సవరించుకున్నాడు. టీ చల్లారిపోయింది. గది కప్పు అసోసియేషనే బాగుచేయించాలని, ఈసారి లైసెన్సున్న మనిషినే పిలవాలని గుమ్మంలో నిలబడే తీర్మానం చేశారు. పిల్లల్ని కూర్చోబెట్టుకోమన్న చోట పెద్దవాళ్లు ఒక్కరూ కూర్చోలేదు.