ఎడమ పక్క చివర

చిన్నత్త పోయిందన్న ఫోన్ వచ్చేసరికి నేను అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతున్నాను. ముందు రోజే పంజాగుట్ట ఆసుపత్రిలో చూసి వచ్చాను. ఆయాసపడుతూనే నా చెయ్యి పట్టుకుని, "ఫోటో యాదికుంది గదా బిడ్డా? గా హారతి పళ్లెంది. నేను పోయినంక గదే పెట్టాలె" అంది. పెడతానన్నాను. అంత తేలిగ్గా ఎలా మాట ఇచ్చానో!

ఆమె మా అత్తగారి చెల్లెలు. కృష్ణానగర్‌లో ఒక గదిలో ఉంటూ ముప్పై ఏళ్లు సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టుగా పనిచేసింది. పెళ్లి సీనులో చుట్టం, గుడి సీనులో భక్తురాలు. మనిషి పొడగరి. "హీరోయిన్ కన్న ఎత్తు కనపడ్తనని ఎప్పుడు కొసకే నిలబెడ్తరు" అని నవ్వేది.

సీడీలు అద్దెకు తెచ్చుకునే రోజుల్లో ఆమెతో సినిమా చూడటం ఒక పరీక్ష. "ఆగు ఆగు, ఎడమ దిక్కు సూడు... అయ్యో, పోయింది! నువ్వు రెప్ప కొట్టినవ్" అని నన్నే తిట్టేది. ఆ పోరు పడలేక ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ సినిమా, ఎన్నో నిమిషం, ఏ చీర, ఎటు పక్క. దాదాపు అన్నింటా ఒకటే రాశాను: ఎడమ పక్క చివర.

"కెమెరా దిక్కు సూడొద్దు బిడ్డా. సూస్తే షాట్ పోతది, రేపటి పని సుత పోతది" అనేది. ఆ అలవాటు ఎంతగా పట్టిందంటే, మా ఇళ్ల పెళ్లి ఫోటోల్లో కూడా మొహం పక్కకే. ఒకే ఒక్క సినిమాలో, పెళ్లి సీనులో హారతి మంట వేలికి తగిలి ఉలిక్కిపడి, నేరుగా కెమెరాలోకి చూసింది. ఎవరూ గమనించలేదు, షాట్ ఉండిపోయింది. "గా ఒక్కసారే మిమ్మల్నందర్ని సూసిన" అని మురిసిపోయేది. ఆమెకు కావలసిన ఫోటో అదే.

చివరి ఏళ్లలో పిలుపులు తగ్గాయి. "ఇరవై మందిని నిలబెట్టి కంప్యూటర్ల రెండు వేల మందిని చేస్తుండ్రట. మరి గా కంప్యూటర్‌కు కాళ్లు గుంజుతయా?" అని విసుక్కునేది. ఆ విసుగు ఇప్పుడు నాకు అంటుకుంది.

సీడీలు అద్దెకిచ్చిన షాపులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. సరే, సినిమా యాప్‌లో ఉంది కదా అని నోటుబుక్కు తెరిచాను. నలభై ఒకటో నిమిషం. అక్కడ వేరే సీను వస్తోంది! ఒక పాట తీసేశారట. వెనక్కి వెళ్లి వెతికితే పెళ్లి పందిరి దొరికింది, సగం స్తంభం కనిపించింది, చిన్నత్త లేదు.

మా అమ్మాయిని పిలిచాను.

"స్క్రీన్ నిండా రావాలని రెండు పక్కల కట్ చేస్తరమ్మా."

"అక్కడ మనుషులున్నారు కదే!"

"అంచులు ఎవరు చూస్తరమ్మా?"

"మనం చూస్తాం" అన్నాను.

ఇంకోచోట అదే సినిమా ఫోన్‌లో చూసుకునే నిలువు ముక్కలుగా దొరికింది. హీరో ముఖం, హీరోయిన్ ముఖం, అంతే. పెళ్లికి చుట్టాలే రానట్టు!

చివరికి అమీర్‌పేటలో ఫోటో స్టూడియోకి వెళ్లాను. అతను చిన్నత్త ఆధార్ ఫోటో తీసుకుని కంప్యూటర్లో ఏదో నొక్కాడు. క్షణంలో నున్నటి బుగ్గలు, నేరు చూపు, చేతిలో హారతి పళ్లెం. "మస్తొచ్చింది గదా మేడమ్?"

"ఎవరీమె?" అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

ఇంటికొచ్చి మళ్లీ ఆ పెళ్లి పందిరి దగ్గరే కూర్చున్నాను. ఆపుతూ, కదుపుతూ, మళ్లీ ఆపుతూ. అప్పుడు ఎడమ అంచు నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. మణికట్టు మీద చిన్నత్త పచ్చబొట్టు, వేళ్ల మధ్య హారతి పళ్లెం. అంతకు మించి యాప్ వాళ్లు మిగల్చలేదు. దాన్నే ప్రింటు తీయించి పటం కట్టించాను.

పదకొండో రోజు కార్యానికి వచ్చినవాళ్లు గొణిగారు. "ముఖమేది?" అని ఒకావిడ నన్నే నిలదీసింది. మా అత్తగారు మాత్రం పటం దగ్గరికి వంగి, పచ్చబొట్టు మీద వేలు పెట్టారు. "ఇద్దరం ఒక్కనాడే పొడిపిచ్చుకున్నం" అన్నారు.

పటం ఇప్పుడు మా ముందు గదిలో ఉంది. పళ్లెంలో మంట ఒక పక్కకు వాలి, వేలిని అప్పుడే తాకుతోంది. కాస్త ఎడమకి, చెక్క చట్రానికి అవతల, చిన్నత్త ఉలిక్కిపడి మనవైపే చూస్తోంది.