తన గొంతు లేని ఫైలు

బృందగానంలో పాడాలంటే గొంతు ఒక్కటే చాలదు, ఫోనుతో కుస్తీ పట్టడం కూడా రావాలి. ఈ సంగతి దర్జీ అక్కకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్లుగా బృందం మొత్తానికి వేదిక బట్టలు కుట్టిపెట్టిందే తప్ప తను వేదిక ఎక్కింది లేదు. బృందంలో ఒక్కో వరుసది ఒక్కో స్వరం; ఈసారి ఆడవాళ్ల కింది స్వరంలో ఒక చోటు ఖాళీ అయింది. రెండు వారాల తర్వాత శుక్రవారం, పాట నేర్పే మాస్టారు విడిగా పాడించి చూస్తారు. అందులో తప్పితే ఆ ఆదివారం కచేరీకి కింద కుర్చీలో కూర్చోవాల్సిందే. అక్క అప్పుడే ఆ వరుస ఆడవాళ్లు వేసుకునే బూడిదరంగు గుడ్డ తెచ్చి, మొట్టమొదటిసారి తన కొలతలకు గౌను కుట్టేసుకుంది.

ఆమెకు స్వరలిపి చదవడం రాదు, విని నేర్చుకోవాలి. రికార్డింగులన్నీ లింకులో ఉన్నాయన్నారు. ఉన్నాయి, తలో దిక్కున. ఒకటి పాస్‌వర్డు అడిగింది, ఇంకోటి తెరిస్తే పోయినేటి పాట, మూడోదాని పేరు "ఫైనల్", నాలుగోదాని పేరు "అసలు ఫైనల్". గ్రూపులో అడిగితే పైకి జరిపి చూడమన్నారు. బొటనవేలు అరిగేదాకా జరిపింది. చివరికి "కింది స్వరం, సాధన" అన్నది కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఫోను కుట్టుమిషన్‌కు ఆనించి, పది రోజులు కుడుతూ పాడింది. భర్త చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

శుక్రవారం బెదురు లేకుండా పాడింది. మాస్టారు కళ్లజోడు తీసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. ఫోను చూపించింది.

"ఇది నీ స్వరం తీసేసిన ఫైలమ్మా. నేర్చుకున్నాక మిగతావాళ్లతో కలిపి పాడుకోడానికి ఇచ్చింది. ఇందులో అందరూ ఉన్నారు, నువ్వు తప్ప."

అసలే అక్కది బరువైన గొంతు. ఫైలులో అన్నిటికంటే గట్టిగా వినిపించిన మగవాళ్ల స్వరాన్నే తనదనుకుని పొల్లుపోకుండా నేర్చేసుకుంది. ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క ఫైలు పేరులో రాసి చావకూడదూ!

"మగవాళ్లదో ఆడవాళ్లదో నాకనవసరం మాస్టారూ. పది రోజులు పాడాను. ఎక్కడైనా తప్పు పోయిందా?"

పోలేదు. అదే ఆయన బాధ. ఆ వరుసలో ఉన్న ముగ్గురు మగవాళ్లలో ఒక్కరికీ ఇంత కచ్చితంగా రాదు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, సరే వాళ్ల పక్కన నిలబడు అన్నారు.

ఆ వరుసకు నీలం చొక్కాలు. కుట్టింది తనే కనుక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి, గౌనును విసురుగా మేకుకు తగిలించి, మిగిలిన నీలం గుడ్డ బల్ల మీద పరిచింది. కొలతల పుస్తకంలో మగవాళ్ల పేజీ తీసి, ముగ్గురి కింద తన పేరు రాసుకుంది. గొణుగుతూనే కత్తెర అందుకుంది. ఆ గొణుగుడు కూడా మగవాళ్ల స్వరంలోనే సాగింది.