లైట్లు ఆరేదాకా కూర్చున్న మనిషి

సాయంత్రం మా కిటికీలోంచి వైరు కాలిన వాసన వచ్చింది. ఒక్కసారి పీలిస్తే గొంతులోనే ఉండిపోయే వాసన. చాయ్ గ్లాసు పక్కన పెట్టి బయటికి చూశాను. ఎదురింటి సురేష్ తన పాత వ్యానుకు కొత్తగా పెద్ద బల్బులు వేయించాడట. కాసేపు తళతళలాడి ఆరిపోయాయట. వాళ్ళ నాన్న వాకిట్లో నిలబడి కేకలు వేస్తున్నాడు. "నీకు బండి వాడుడే రాదురా! మొన్నటిదాక మంచిగనే ఉండె గద!" ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు, చల్లారకూడదు కూడా. బండిలో లోపముంటే నడిపేవాణ్ణి తిట్టడం మనవాళ్ళకు ఎంత తేలికో! ఆ తేలికతనానికి అడ్డం పడ్డ మనిషిని నా బతుకులో ఒక్కరినే చూశాను. ఆమె సుబ్బాయమ్మ గారు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోటగిరి దగ్గర కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం వాళ్ళది. భర్త పోయాక చెరకు సాగూ, చెరకు తోలే పాత లారీ రెండూ ఆమే చూసుకునేది. నేను నిజామాబాద్‌లో బీడీలు చుట్టే అవ్వ కొడుకుని. ఎనభైల చివర్లో, లైసెన్సు ఇంకా కొత్త వాసన పోని రోజుల్లో, ఆమె దగ్గర డ్రైవరుగా కుదిరాను. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "అబ్బాయ్ గంగారాం, నాకు కోపం ఎక్కువ. పడలేననుకుంటే ఇప్పుడే చెప్పెయ్" అంది. "మా అవ్వ కోపం ముంగట మీదేం లెక్కమ్మ" అన్నాను. నవ్వలేదు గానీ తాళాలు చేతిలో పెట్టింది.

ఆమె కోపం ఉత్త కోపం కాదని తెలియడానికి కొంతకాలం పట్టింది. వాళ్ళ పొలం కాలువకు చిట్టచివర ఉండేది. పైనున్నవాళ్ళు తాగి వదిలిందే వీళ్ళకు నీళ్ళు. నీళ్ళు వదిలే మనిషి వచ్చి "వదిలినమమ్మ, మంచిగనే వస్తున్నయ్" అంటే ఆమె నమ్మేది కాదు. పొలం గట్టు మీద కుర్చీ వేయించుకుని, ఆఖరి మడి తడిసేదాకా కదిలేది కాదు. "తూము దగ్గర చూసి వస్తున్నాయంటే సరిపోతుందా? చివర ఉన్నవాణ్ణి అడగాలి" అనేది. ఇంత పట్టుదల అవసరమా అని నేను లోలోపల విసుక్కునేవాణ్ణి.

చెరకు కోతల కాలంలో ఆ చుట్టుపక్కల లారీలన్నీ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు చేర్చే ఒక కాంట్రాక్టరు చెప్పినట్టు నడిచేవి. ఎవరి లోడు ఎప్పుడు ఎత్తాలో ఆయన ఇష్టం. ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా హెడ్‌లైటు అద్దం పై సగానికి నల్లరంగు పూసుకోవడం అప్పటి పద్ధతి. ఆ ఏడు ఆయన డ్రైవర్లందరినీ పిలిచి ఆ రంగు గీకేయమన్నాడు. "గీ మిణుగురు లైట్లతోని ఏం పోతర్రా? పెద్ద బల్బులు ఎక్కియ్యుండ్రి. లేకుంటే లోడు లేదు" అన్నాడు. బతుకుతెరువు ఆయన చేతిలో ఉంటే ఎదురు చెప్పేదెవరు? బోధన్‌లో కరెంటు పని చేసే మాణిక్ దగ్గరికి పోయి బల్బులు మార్పించుకున్నాం. బల్బులు కొత్తవి. వాటికి కరెంటు మోసే తీగలూ, స్విచ్చూ మాత్రం లారీ పుట్టినప్పటివి. మొదటి నాలుగు రోజులు రోడ్డంతా పెళ్ళి పందిరిలా వెలిగిపోతుంటే అందరం మురిసిపోయాం.

ఒకరోజు పొద్దు గూకి చీకటి పడుతుండగా చందూర్ వైపు నుంచి నిండు లోడుతో వస్తున్నాను. వెలుతురు మెల్లగా పచ్చబడింది. ముక్కుకు మాడు వాసన తగిలింది. ఇదేమిటని అనుకునేలోపే రెండు లైట్లూ ఒక్కసారి పోయాయి. అంతకు ముందు క్షణమే మలుపులో ఒక ఎడ్లబండిని చూశాను, అదే నా అదృష్టం. స్టీరింగు పక్కకు లాగాను. లారీ పిల్లకాలువలోకి ఒరిగి చెరకంతా రోడ్డు మీద పడింది. లారీ అంచు తగిలి ఎడ్లబండి ఇరుసు విరిగింది. ఎడ్లూ, బండాయనా బతికి బయటపడ్డారు. ఆయన ఎడ్ల మెడలు నిమురుతూ నన్ను తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లు నాకు న్యాయంగానే అనిపించాయి. అన్యాయం తెల్లారి మొదలయింది.

ట్రాక్టరు పెట్టి లారీని పైకి లాగించి, ఫ్యాక్టరీ ముందు లారీలు వరస కట్టే మైదానానికి తెచ్చారు. కాంట్రాక్టరు ఎక్కి స్విచ్చు నొక్కాడు. లైట్లు ఫెళ్ళున వెలిగాయి. "సూసిండ్రా? లైట్లకు ఏం రోగం లేదు. తాగి నడిపిండు. ఇగ వీనికి ఎవ్వరు గూడ బండియ్యకుండ్రి" అన్నాడు అందరి ముందూ. మాణిక్ కూడా ఒకసారి వేసి, ఆర్పి, "మంచిగనే ఉన్నయ్" అన్నాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, ఆ బల్బులు ఎక్కించమన్నవాడే నన్ను తాగుబోతును చేశాడు. ఆ మాట నిలిస్తే ఈ చుట్టుపక్కల నేను మళ్ళీ స్టీరింగు పట్టే పని లేదు. ఇంటి దగ్గర అవ్వకు ఏం చెప్పాలి?

అంతలో సుబ్బాయమ్మ గారు వచ్చింది. నన్నో మాట అడగకుండా నేరుగా దగ్గరికొచ్చి, "ఏదీ, ఊదు" అంది. రాత్రి తాగినవాడి నోటి వాసన తెల్లారినా పోదని ఆమె నమ్మకం. అంతమంది చూస్తుండగా ఊదాను. కాంట్రాక్టరు మాటకన్నా అదే ఎక్కువ కాల్చింది నన్ను.

"చుక్క గూడ ముట్టలేదమ్మ. లైట్లు పోయే ముంగట కాలిన వాసనొచ్చింది. గా ముచ్చట ఎవ్వరూ అడుగుతలేరు" అన్నాను.

ఆమె లారీ ఎక్కి, స్విచ్చు వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమి, వేళ్ళకు అంటిన మసి చూసుకుంది. దిగి, "ఒక కుర్చీ తెప్పించండి. ఇంజను ఆన్ చేసి లైట్లు వెయ్యి గంగారాం. ఆర్పకు" అంది.

"ఎంతసేపు కూసుంటవమ్మ?" కాంట్రాక్టరు నవ్వాడు.

"ఆరేదాకా."

లైట్ల ముందు కొంచెం పక్కగా, ఎదురుగా ఉన్న చీకటి షెడ్డు లోపలి గోడ మీద పడే వెలుతురు కనిపించేలా కూర్చుంది. నడినెత్తిన ఎండ. కొంగు తల మీదికి లాక్కుందే తప్ప లేవలేదు. మొదట నవ్వినవాళ్ళు చూసీ చూసీ నవ్వడం మానేశారు. గోడ మీది తెల్లటి వెలుతురు పచ్చబడింది. తర్వాత ఇటుక రంగుకు దిగింది. అదే మాడు వాసన మైదానమంతా పాకింది. టప్పున రెండూ ఆరిపోయాయి. కాంట్రాక్టరు స్వయంగా ఎక్కి ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు.

"స్విచ్చు కాస్త చల్లారనివ్వండి, మళ్ళీ వెలుగుతాయి. మీరు పొద్దున్న చూసింది ఆ వెలుగే" అందామె. అలాగే వెలిగాయి కూడా. అప్పుడు లేచి నిలబడింది. "కాలువ సన్నగానే ఉంచి తూము వెడల్పు చేస్తే గట్టు తెగదా? బల్బులు మార్చమన్న పెద్దమనిషి తీగల సంగతి ఎందుకు అడగలేదు? పోయేది డ్రైవరు ప్రాణమేగా అనా?"

"సరే తియ్యమ్మ, అయిందేందో అయింది" అన్నాడాయన.

"అవలేదు. తాగుబోతని అన్న నోటితోనే కాదని చెప్పు."

చెప్పలేదు. పని ఉందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా ఎన్నడూ చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

కానీ ఆమె ఊరుకోలేదు. ఆ గుంపు వైపు తిరిగి, అదే గొంతుతో, అంతే గట్టిగా అంది: "నేనూ వీడి నోరు వాసన చూశాను. బండి చూడకుండా ముందు మనిషిని చూశాను. అది నా తప్పు. అందరూ వినండి." నేను తల వంచుకున్నాను. కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదనుకున్నాను. అంతమందిలో పోయిన నా పరువు అంతమందిలోనే తిరిగొచ్చింది.

మాణిక్ ఆ సాయంత్రమే బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగలు లాగి, స్విచ్చు మీద భారం పడకుండా రిలే పెట్టి, తుప్పు గీకి ఎర్తు బిగించాడు. ఆమె పక్కనే నిలబడి అద్దాలకు మళ్ళీ నల్లరంగు పూయించింది. "నీ దారి నీకు కనిపిస్తే చాలు, ఎదురొచ్చేవాడి కళ్ళు పొడవక్కర్లేదు" అంది. మర్నాడు వరసలో ఉన్న డ్రైవర్లందరూ ఒక్కొక్కరే తమ తమ స్విచ్చుల వెనక చెయ్యి పెట్టి చూసుకోవడం కనిపించింది.

ఆమె పోయి చాలా కాలమైంది. నేను సొంతంగా రెండు వ్యాన్లు తిప్పే స్థితికి వచ్చాను. నా దగ్గర ఎందరో డ్రైవర్లు పని చేశారు. ఏ ఒక్కణ్ణీ 'ఊదు' అనలేదు. ముందు బండి దగ్గరికి పోతాను.

ఎదురింట్లో కేకలు ఇంకా ఆగలేదు. సురేష్ వాళ్ళ నాన్న స్విచ్చు నొక్కి, వెలిగిన లైట్లు చూపించి, "మంచిగనే ఉన్నయ్ గద, ఇగో!" అంటున్నాడు. ఆ కుర్రాడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

మా ఇంట్లోంచి కుర్చీ తీసుకుపోయి వాళ్ళ వ్యాను ముందు వేసుకున్నాను.

"ఆర్పకు అన్న, అట్లనే ఉండనియ్యి" అన్నాను.