అత్తమ్మ నమ్మని గింజలు

మా మేనత్త పోయిందన్న కబురు, అబిడ్స్‌లో నేను పనిచేసే బట్టల దుకాణానికి వచ్చింది. పక్కింటాయన చెప్పగానే నమ్మేశాను. అత్తమ్మ అయితే, "నీకెవరు చెప్పిన్రు? కండ్లార చూసినవా?" అని అడక్కుండా కదిలేది కాదు.

నాంపల్లి స్టేషను వెనక ఒకే వాకిట్లో మావి కిరాయి గదులు. మామయ్య పోయాక ఆమె ఒక గదిలో ఒక్కతే ఉండేది. యుద్ధం రోజుల్లో కూరగాయల ధరలు మండిపోతుంటే, గోడ వారగా తోట మొదలుపెట్టింది. పగిలిన కుండలు, తుప్పు పట్టిన డబ్బాలు, జట్కాల అడ్డాలో ఎత్తుకొచ్చిన గుర్రపు లద్దె, పొయ్యి బూడిద. అంతే సరంజామా. గింజలైనా కొందామని మొజంజాహీ మార్కెట్‌కు తీసుకువెళ్లాను.

"పాతయి గాదు గదా?" అని అమ్మేవాణ్ణి అడిగింది.

వాడు ఒట్టు వేశాడు.

"ఒట్టేసిండంటే ఏందో ఉన్నది," అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. దుకాణాలు కట్టేసే వేళ పారేసిన ముదురు కాయలు ఏరుకుని, గింజలు తీసి, బూడిదలో కలిపి ఎండబెట్టింది. వాటినీ నమ్మలేదు. తడిగుడ్డలో కట్టి, మొలక కనబడ్డవాటినే మట్టిలో పెట్టింది.

"మొలిస్తెనే నమ్ముత," అనేది.

బెండ, గోరుచిక్కుడు బాగా కాశాయి. ఆనపతీగ గోడెక్కింది గాని, పిందెలు వేలెడంత కాకముందే పసుపెక్కి రాలిపోయేవి. ఆ రోజుల్లోనే ఎదురు గదిలోకి ఒక గుమాస్తా, అతని భార్య వచ్చారు. ఆమెది నల్లగొండ వైపు పల్లెటూరు. ఒక సాయంత్రం ఆమె మా తీగ దగ్గర నిలబడి పూలు తెంపడం అత్తమ్మ కంటబడింది.

"గందుకే పిందె నిలుస్తలేదురా."

"అడుగరాదు అత్తమ్మా?"

"అడిగితే అబద్ధం చెప్తది."

తలుపు చాటు నుంచి మరికొన్ని సాయంత్రాలు గమనించి, ఇంటి యజమానికి చెప్పింది. ఆయన వాళ్లను గది ఖాళీ చేయమన్నాడు.

గుమాస్తా భార్య నేరుగా అత్తమ్మ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. తీగ దగ్గరికి తీసుకుపోయి రెండు పూలు చూపించింది.

"పెద్దమ్మా, గీ పువ్వు కింద పిందె ఉన్నది. గా పువ్వు కింద లేదు. పిందె లేనిదాన్ని తెంపి దీనికి రాస్తున్న. గీడ పురుగులు వాలుతలేవు. మా అమ్మ గిట్లనే చేస్తుండె."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు నా దిక్కు చూస్తె గదా చెప్పేటందుకు."

అత్తమ్మ అదీ వెంటనే నమ్మలేదు. గుమాస్తా భార్య పుప్పొడి రాసిన పూలకు దారం కట్టి గుర్తు పెట్టుకుంది. దారం కట్టినవి నిలిచాయి, తక్కినవి రాలాయి. అది తేలిన రోజే యజమాని ఇంటికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను.

"నేను చూసింది నిజమే. అనుకున్నది తప్పు. వాళ్లను పోనియ్యకు."

"గది వేరేటోళ్లకు ఇస్తనన్న గదమ్మా."

"అయితె వాళ్లకు నా గది ఇయ్యి. నేను పోత."

ఆయన ఆమె ముఖం చూసి, గుమాస్తా వాళ్లను అదే గదిలో ఉండమన్నాడు.

మొదటి కాయ కోసి గుమాస్తా భార్యకే ఇచ్చింది. ఆమె నవ్వకుండానే తీసుకుంది. మనసు విప్పి మాట్లాడడానికి చాలా కాలం పట్టింది. అత్తమ్మ తొందరపెట్టలేదు.

అందరినీ అనుమానించే మనుషులను చాలామందిని చూశాను. తన అనుమానాన్ని కూడా అంత ఓపికగా పరీక్షకు పెట్టిన మనిషిని మాత్రం ఆమెనే చూశాను. నాకు ఆమె నేర్పింది అదే.

అత్తమ్మ కర్మకాండ ముగిసిన మర్నాడు, ఆమె గడప పక్కనున్న డబ్బాలో ఏదో మొలిచింది. ఏం వేసిందో ఎవరికీ చెప్పలేదు. గింజ పెంకు ఇంకా ఆకుల కొసలను పట్టుకునే ఉంది. తీసేద్దామని వంగాను.

"ముట్టకు," అంది గుమాస్తా భార్య నా వెనక నుంచి. "అదే ఇడుస్తది."

ఇద్దరం గడప మీద కూర్చున్నాం. ఎండ వాకిట్లోకి వచ్చింది. పెంకు ఒక పక్కకు ఒరిగి, ఒక ఆకు మెల్లగా విచ్చుకుంది.