పాయింట్ గార్డ్ పుట్టినరోజు

నిఖిత వయసులోంచి రెండేళ్లు కోసేసినప్పుడు ఆ పిల్లనెవరూ అడగలేదు.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది అది. ఆమె ఏడో తరగతి చదివిన చిన్న కాన్వెంటు మూతబడింది. టీసీ ఇచ్చే నాథుడు లేడు. తల్లి విజయకుమారి ఆమెను వెంటబెట్టుకుని ఊళ్లోని హైస్కూలుకి వచ్చింది. కొత్తపేట నుంచి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఊరు. అడ్మిషన్ల రిజిస్టరు ముందు కూర్చున్నది డ్రిల్లు మాస్టారు సత్యం. సర్కారు బడిలో డ్రిల్లు మాస్టారికి ఆటలు తప్ప అన్ని పనులూ ఉంటాయి.

తల్లి మాట్లాడుతూంటే పిల్ల వరండాలో పడున్న బంతిని ఎడం చేత్తో కొట్టుకుంటూ, వచ్చేపోయేవాళ్ల మధ్యలోంచి, ఒక్కసారి కూడా కిందికి చూడకుండా తిరుగుతోంది. సత్యం కలం ఆగిపోయింది.

“కరోనాలో ఎలాగూ చదువు పోయింది కదండీ. ఆరులో కూర్చోబెడదాం. వయసు కూడా రెండేళ్లు తగ్గించి రాస్తే చిన్నపిల్లల పోటీలన్నీ ఆడేస్తది. ఆ సర్టిఫికెట్లతో మంచి కాలేజీలో సీటు, హాస్టలు వస్తాయండి.”

“ఆయ్. మీకు తెలీందేముందండి మాస్టారూ.”

విజయకుమారి ఆ బడిలోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. అక్కడ వండుతూ కూతుర్ని మాత్రం కాన్వెంటుకి పంపిన మనిషి. మాస్టార్ల మాట కాదనడం ఆమెకు చేతకాదు.

ఫిబ్రవరిలో పుట్టిన పిల్లకి సత్యం జూన్ నెల వేశాడు. రిజిస్టరు ప్రకారం ఆ బడిలో సగం మంది జూన్‌లోనే పుట్టారు. తర్వాత ఆధార్‌లో కూడా ఆ తేదీయే ఎక్కించాడు. అసలు తేదీ అతని బుర్రలోంచి ఎప్పుడో జారిపోయింది.

ఆరో తరగతి బెంచీల్లో నిఖిత మోకాళ్లు ఇమిడేవి కావు. “పెద్దక్కా, లెక్క చెప్పవా? నువ్వు ఒకసారి చదివేసేవుగా!” అని పిల్లలు ఏడిపించేవారు. ఆమె పలికేది కాదు. కోర్టులోకి దిగితే మాత్రం నోరు ఆగేది కాదు. బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్ అంటే జట్టుని నడిపే మనిషి. బంతి ఎవరికి ఎప్పుడు అందాలో తేల్చేది ఆమే. “క్రిస్టీనా, నిద్రపోతున్నావా? ఎడం పక్కకి రా!” అని నిఖిత అరిస్తే గోడ అవతల దారిన పోయేవాళ్లు కూడా తిరిగి చూసేవారు.

నాలుగేళ్లలో జిల్లా ఆడింది, రాష్ట్రం ఆడింది. సర్టిఫికెట్టు వచ్చిన ప్రతిసారీ సత్యానికి సంతోషం ఒక్క క్షణం ఉండేది. పేరు కింద తేదీ చూడగానే దాన్ని మడిచి బీరువాలో పెట్టేసేవాడు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే జిల్లా ఆఫీసేమోనని ఎత్తేవాడు కాదు. ఈ పిల్లకి కాలేజీ సీటొక్కటీ వచ్చేస్తే ఇక ఈ పని జన్మలో చెయ్యననుకునేవాడు. అనుకుంటూనే మరో ఇద్దరికి జూన్ నెల వేశాడు.

నిఖిత పదో తరగతికొచ్చిన ఏడాది, ఫిబ్రవరిలో ఒక ఆదివారం, రాజమండ్రిలోని ఓ కాలేజీ నుంచి వ్యాయామ అధ్యాపకుడు శ్రీనివాసరావు వచ్చాడు. పక్క ఊరు పలివెల అమ్మాయిలతో ఆట పెట్టించారు. నిఖిత వేసినవి నాలుగు బుట్టలే. ఆయన వాటిని చూడనే లేదు. బంతి చేజారాక ఆమె ఏం చేస్తుందో, తప్పుచేసిన పిల్లతో ఎలా మాట్లాడుతుందో చూశాడు.

“బుట్టలో వేసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారండి. పక్కవాళ్లని ఆడించే పిల్ల దొరకడమే కష్టం,” అంటూ సంచిలోంచి ఫారం తీశాడు. “ఇంటరు రెండేళ్లూ సీటూ, హాస్టలూ మావే. పుట్టిన తేదీ చెప్పండి మాస్టారూ.”

సత్యం జూన్ అన్నాడు. సంవత్సరం చెప్పాడు. ఆయన రాసుకున్నాడు.

బడి గోడ అవతలే చర్చి. ఆరాధనలో కానుకల వేళయింది. గోపురం మీది మైకు గరగరలాడి, పాస్టరుగారి గొంతు ఊరంతా పరుచుకుంది.

“మన సహోదరి విజయకుమారమ్మ గారు, తమ కుమార్తె నిఖితకు దేవుడు ఈ రోజుతో పదిహేడేళ్లు నిండించి, పద్దెనిమిదో ఏట అడుగు పెట్టించినందుకు కృతజ్ఞతార్పణ చెల్లిస్తున్నారు. బిడ్డ కోసం ప్రార్థన చేద్దాం.”

కోర్టులో సగం మంది పిల్లలు అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నారు. నిఖిత మూసుకోలేదు. సత్యం వైపే చూస్తోంది.

శ్రీనివాసరావు తను రాసిన తేదీని వేలితో ఒకసారి తడిమాడు. కలానికి మూత పెట్టాడు.

“ఆట బాగుందండి. పదిహేడేళ్ల పిల్ల పద్నాలుగేళ్లవాళ్ల మీద ఆడితే బాగానే ఉంటది కదండీ.”

“సార్, ఎవరికీ తెలీదండి...”

“ఊరు ఊరంతా విన్నదండి. నేను పైకి రాయకపోతే రేపు నా ఉద్యోగం పోతది.”

ఆయన కారు గేటు దాటాక సత్యం చర్చి దగ్గరికి పరిగెత్తాడు. అతనిది అమలాపురం, ఆదివారాలు అక్కడి చర్చికే పోతాడు. అందుకే ఇక్కడ ఈ పిల్ల పేరు ఏటా మైకులో వినిపిస్తుందని అతనికి తెలియదు.

“ఏవిటండీ ఇది! ఈ రోజే ఇవ్వాలా?”

విజయకుమారి బిత్తరపోయింది. “పుట్టినరోజు ఆదివారం పడిందని సంబరపడ్డామండి. ఆఫీసోళ్లకైతే మీరు చెప్పినట్టు రాయించేం. దేవుడి దగ్గర ఎలా తగ్గిస్తానండి?”

పది రోజులకి జిల్లా నుంచి కాగితం వచ్చింది. తల్లీకూతుళ్లు అన్ని సర్టిఫికెట్లతో విచారణకి రావాలి. నిఖితవే కాదు, జట్టులో మిగతావాళ్లవి కూడా రద్దు కావచ్చని స్టాఫ్ రూంలో చెప్పుకున్నారు. క్రిస్టీనా తండ్రి బడికొచ్చి, తన కూతురి సర్టిఫికెట్లేమవుతాయని అడిగి వెళ్లాడు.

విచారణకి ముందురోజు సాయంత్రం నిఖిత జట్టు బట్టలు అప్పగించడానికి ఆటల గదికి వచ్చింది. సత్యం తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

“కాన్వెంటువాళ్లే తప్పు తేదీ ఇచ్చేరని చెప్పండి. ఆ కాన్వెంటు ఇప్పుడెలాగూ లేదు. రేపు నేనూ వస్తాను. అమ్మకి పక్కనుండి అన్నీ అందిస్తాను.”

ఆమె బట్టలు మడత విప్పకుండా బల్ల మీద పెట్టింది. తలుపు పూర్తిగా తెరిచింది.

“మీరు రాకండి మాస్టారూ. మీరు ఎదురుగా ఉంటే అమ్మ నోట నిజం రాదండి.”