గోదావరిఖనిలో కొన్న పాత కెమెరా, బాపు భుజం మీది చెయ్యి

జూలై ముప్పై ఒకటిన తమ్ముడు సదానందం చివరిసారి బొగ్గుగనిలోకి దిగుతాడని తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది బాపు ఫొటో. మా నాన్నను మేం బాపు అనే పిలిచేవాళ్లం. ఆయనా అదే గనిలో, మా మాటలో బాయిలో, పనిచేశారు. ఒక దసరా రోజు గని గేటు ముందున్న మైసమ్మ గుడి దగ్గర, చేతిలో లైటు పట్టుకుని నిలబడి తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో అది. పైఅంచు నుంచి ఒక తెల్లటి చార ఆయన భుజం మీదికి దిగుతుంది. చివర నాలుగు వేళ్లలా చీలుతుంది. అది మైసమ్మ తల్లి చెయ్యి అని మా అమ్మ నమ్మకం. ఆ తర్వాత బాపు పందొమ్మిదేళ్లు గని దిగారు, ప్రతి షిఫ్టుకూ క్షేమంగా పైకి వచ్చారు. చివరికి ఇంట్లో మంచం మీద, నిద్రలో వెళ్లిపోయారు. అమ్మ ఇప్పటికీ రోజూ దీపం పెట్టి, అద్దం మీద ఆ చెయ్యి ఉన్నచోట కుంకుమ బొట్టు పెడుతుంది. పెళ్లయి హనుమకొండ వచ్చేదాకా నేనూ అక్కడే దండం పెట్టుకున్నాను. తమ్ముణ్ని కూడా అదే చోట, అదే కెమెరాతో తీయాలనిపించింది.

ఆ కెమెరా ఇంకా ఉందని తమ్ముడే ఫోనులో చెప్పాడు. బాపు ఫొటో తీసిన స్టూడియో కొమురయ్య కాక దుకాణం మూసేస్తున్నాడు, సామాను అమ్ముతున్నాడు. చూపు తగ్గింది, ఫొటోలు తీయడం మానేశాడు. కాబట్టి కెమెరా కొని నేనే తీయాలి. మా స్కూల్లో వార్షికోత్సవం ఫొటోలు తీసిన అలవాటు కొంత ఉంది. ఆ పాత కెమెరాకు పట్టే రీళ్లు రెండు హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాను. ఒక్కో రీలుకు పన్నెండు ఫొటోలు.

కాజీపేటలో పొద్దున ఆరు దాటాక పాసింజర్ ఎక్కాను. జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా రామగుండానికి రెండున్నర గంటలు. టికెట్టు ఇరవై లోపే. తెలంగాణ ఉద్యమం రోజులు కదా, బంద్ ఏమైనా ఉందేమో ముందు రోజే కనుక్కుని బయల్దేరడం మంచిది. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు వరుసగా ఉంటాయి. మనిషికి పది రూపాయలు. నేను ఎక్కిన ఆటోలో అప్పటికే ఏడుగురున్నారు.

"ఇంకొకలు రానియ్యక్కా, పోదాం," అన్నాడు డ్రైవరు.

"ఎక్కడ కూసోపెడతవ్ తమ్మీ?"

"నా సీటుల. నేను సగమే కూసుంట. మిగిలిన సగం గాలిల ఉంటది."

అలాగే నడిపాడు. అరగంటలో చౌరస్తాలో దిగాను.

కొమురయ్య కాక డెబ్భై దాటిన మనిషి. కెమెరాను పేపర్లో చుట్టి బల్ల మీద పెట్టి ఉంచాడు. ముందు వైపు ఒకదాని కింద ఒకటి రెండు కళ్లుంటాయి దానికి. పై కన్ను మనం చూడడానికి, కింది కన్ను ఫొటో తీయడానికి. నడుము దగ్గర పట్టుకుని, పైనుంచి తల వంచి అద్దంలోకి చూడాలి. పద్దెనిమిది వందలకు కుదిరింది. నల్లగా నిగనిగలాడుతోంది.

"లోపాలేమన్న ఉన్నయా కాకా?"

"ముసలిది బిడ్డా, నా లెక్కనే. వయసు తప్ప దానికేం రోగముంటది?" అన్నాడు. నా మొహం చూడలేదు. "ఎడమది కుడికి, కుడిది ఎడమకు కనిపిస్తది. అది రోగం గాదు, దాని గుణం."

బస్టాండు పక్క హోటల్లో పూరీ తినడానికి కూర్చున్నప్పుడు నా వేళ్లు నల్లగా ఉండడం చూసుకున్నాను. వాసన చూస్తే బూటు పాలిష్. పూరీలు వేస్తున్న ఆమె నవ్వింది. "రాత్రి షిఫ్టు చేసొచ్చినవా ఏంది అక్కా?" నేనూ నవ్వి చేతులు కడుక్కున్నాను. కెమెరాకు పాలిష్ ఎందుకు రాశాడని అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. ఈ ఊళ్లో నల్లటి వేళ్ల గురించి ఎవరూ ఎక్కువ ఆలోచించరు.

అమ్మా తమ్ముడూ ఉండే కంపెనీ క్వార్టరుకు చేరేసరికి పదిన్నర. తమ్ముడు మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. అమ్మ కెమెరాను రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

"సదిగానికి గూడ తల్లి చెయ్యి పడేటట్టు తియ్యి బిడ్డా."

"అది మన చేతుల ఉంటదా అమ్మా?"

"నువ్వు మొక్కి తియ్యి. పడుతది."

సరే అన్నాను. ముందు చెయ్యి అలవాటు కావాలని మొదటి రీలు ఎక్కించాను. మంచి ఎండ కాస్తోంది. తులసి దగ్గర అమ్మను తీశాను. అద్దంలో అమ్మ ఎడమ పక్కకు జరిగిపోతోందని నేను ఎడమకు తిప్పితే ఇంకా దూరం పోయింది. కుడికి తిప్పితే వచ్చింది. మేడ మీద నుంచి రామగుండం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు తీశాను. అయిదో ఫొటో తర్వాత అంకె కదలడం మానేసింది. పిడి తిరుగుతోంది, రీలు జరుగుతోందో లేదో తెలియదు. ఇదీ దాని గుణమేనా, రోగమా, లేక నా చేతకానితనమా? కాసేపు కెమెరాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎటూ తేలలేదు. లెక్క లేకుండానే మిగిలినవి తీసి, అమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, పన్నెండున్నరకు మళ్లీ స్టూడియో దారి పట్టాను. షిఫ్టు మూడింటికి అయిపోతుంది. ఆ లోపు తేలాలి.

కాక రీలు తీసుకుని చీకటి గదిలోకి వెళ్లాడు. ముప్పావు గంట తర్వాత తడి రీలును ఫ్యాను కింద వేలాడదీశాడు. కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసి ముందు నవ్వాడు.

"మీ అమ్మ నెత్తిల పొగగొట్టం మొలిచింది బిడ్డా. ఒకదాని మీద ఇంకోటి పడ్డది. అంకె పని చెయ్యది. చుట్లు లెక్క పెట్టుకోవాలె."

నేను నవ్వలేదు. ప్రతి ఫొటోలోనూ పైఅంచు నుంచి ఒక చార దిగుతోంది. నెగెటివ్ కాబట్టి బొగ్గులా నల్లగా ఉంది. చివర నాలుగు వేళ్లు. అమ్మ మీద ఉంది, తులసి మీద ఉంది, ఎదురింటి గోడ మీద ఆరేసిన దుప్పటి మీద కూడా ఉంది.

"కాకా, బాపు ఫొటోల ఉన్నది ఇదే కదా?"

"అదే," అని కాక కెమెరా వెనక తలుపు తెరిచి చూపించాడు.

ఆ తలుపు అంచున మెత్తటి గుడ్డ పట్టీ అరిగి, నాలుగు చోట్ల పీలికలైంది. ఎండలో ఆ సందుల్లోంచి వెలుగు లోపలికి దూరుతుంది. ఆ అరుగుదల కనపడకుండా కాక కెమెరా మీద పాలిష్ పూశాడు.

"దాన్ని మేం మైసమ్మ చెయ్యి అనుకున్నం."

"నేను చెప్పిన్నా బిడ్డా? ఎన్నడన్న నా నోటితోని చెప్పిన్నా?" గొంతు పెంచాడు, మళ్లీ తగ్గించాడు. "ఆ దసరాకు పదకొండు మందిని తీసిన. అందరి మీద గిదే చార. పైసలు వాపస్ అడుగుతరు, మీదికెళ్లి తన్నుతరు అనుకున్న. మీ అమ్మ ముందుగాల వచ్చింది. చూసింది, కండ్లకద్దుకున్నది. ఎనక నిలబడ్డ ఆడోళ్లంత దండం పెట్టిన్రు. ఇంక నేనేం నోరు తెరుస్త?"

"తర్వాత బాగు చేయలేదా?"

కాక అల్మారా తెరిచి ఒక నల్ల గుడ్డ తొడుగు తీశాడు. కెమెరాకు సరిగ్గా సరిపోయేలా కుట్టింది. ముందు కళ్లకూ, పై అద్దానికీ, పిడికీ కన్నాలున్నాయి. "మా ఇంటామె కుట్టింది. గిది తొడిగినంక చార రాలె. అప్పుడు కొత్తగ తీయించుకున్నోళ్లు కొట్లాటకు వచ్చిన్రు, మాకెందుకు చెయ్యి పడలే అని."

"మరి పొద్దున ఇది ఎందుకియ్యలే కాకా?"

"కెమెరా అమ్మిన." తొడుగును వేళ్లతో సాపు చేశాడు. "గిది అమ్మబుద్ధి గాలే. ఆమె పోయి మూడేండ్లాయె. ఆమె చేతి కుట్టు గిదొక్కటే మిగిలింది."

కోపం తెచ్చుకుందామంటే రాలేదు. కాక రెండో రీలు ఎక్కించి, తొడుగును తనే కెమెరాకు తొడిగి, ఎన్ని చుట్లు తిప్పాలో చూపించాడు. "గిది పొద్దుమూకక ముందే వాపస్ తేవాలె" అని రెండుసార్లు చెప్పాడు.

గని గేటుకు ఆటోలో పావుగంట. దారంతా ఒకటే ప్రశ్న. ఇన్నేళ్లు నేను దండం పెట్టింది ఎవరికి? అరిగిన గుడ్డ పట్టీకా? అయితే ఆ పందొమ్మిదేళ్లు బాపును ఎవరు పైకి తెచ్చారు? ఇప్పుడు అమ్మకు ఏం చెప్పాలి? ఈ తొడుగుతో తీస్తే చెయ్యి పడదు. తొడుగు తీసేస్తే, తెలిసి తెలిసి అమ్మను మోసం చేసినట్టు.

సైరన్ మోగింది. కాసేపటికి మనుషులు పైకి రావడం మొదలైంది. తమ్ముడు లైటు అప్పగించేసి, బొగ్గు మొహంతోనే వచ్చాడు. మోకాళ్లు పాడై ముందే మానేస్తున్నాడు కాబట్టి కొంచెం కుంటుతున్నాడు. తోటివాళ్లు బంతిపూల దండ వేశారు.

"సదన్నా, కొత్త పెండ్లికొడుకు లెక్క సిగ్గుపడకు. వదిన సూత్తలేదు, నవ్వు!"

మైసమ్మ గుడి ముందు, బాపు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. నేను చుట్లు లెక్క పెట్టుకుంటూ ఆరు ఫొటోలు తీశాను. తోటివాళ్లు చాయ్ తాగడానికి వెళ్లాక తమ్ముడు దగ్గరికొచ్చి కెమెరా వైపు చూశాడు.

"గుడ్డతోని తీస్తున్నవేంది అక్కా? గుడ్డుంటే చెయ్యి పడదు గద."

"నీకు తెలుసా?"

"మా గ్యాంగుల ముగ్గురి ఇండ్లల్ల వాళ్ల నాయినల ఫొటోలున్నయి. అదే చెయ్యి, అదే తీరు, నాలుగే వేళ్లు. కాక గుడ్డ తొడిగినంక తీసిన ఫొటోలల్ల ఒక్కదాంట్ల లేదు. తల్లికి బొటనవేలు లేదా అక్కా?"

"మరి అమ్మకు ఎందుకు చెప్పలే?"

"నేను డ్యూటీకి పోయేటప్పుడల్లా అమ్మ ఆ చెయ్యిని ముట్టి నా భుజం ముట్టేది. ముప్పై ఏండ్ల సంది. ఇయ్యాల పొద్దుగాల గూడ ముట్టింది. ఎట్ల చెప్తనక్కా?" మొహం తుడుచుకున్నాడు. బొగ్గు ఇంకా పరుచుకుంది. "గుడ్డ తీసి తియ్యి. అమ్మ కోసం."

గుడి వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను. చెయ్యి పడాలని మొక్కాలో, పడొద్దని మొక్కాలో తెలియలేదు. ఏమీ అడగకుండానే దండం పెట్టాను. తొడుగు విప్పి, మడిచి సంచిలో పెట్టాను. మిగిలిన ఆరు ఫొటోలు అలాగే తీశాను. అప్పటికే గోదావరి వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది.

అయిదింటికి కాక చేతిలో మొదట తొడుగు పెట్టాను, తర్వాత రీలు. కడిగి, వెలుతురుకు పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. తొడుగుతో తీసిన ఆరూ శుభ్రంగా ఉన్నాయి. తొడుగు లేకుండా తీసిన ఆరూ అంతే శుభ్రంగా ఉన్నాయి. ఒక్క చార లేదు.

"ఎండ లేదు గద బిడ్డా. మబ్బుల చార ఎట్ల వస్తది?"

అర్థమైంది. అయినా ఏదో అర్థం కాలేదు. కాక దగ్గర మిగిలిన చివరి ఫొటో కాగితాల్లోంచి ఒకటి తీసి, తొడుగు లేకుండా తీసిన వాటిలో ఒకదాన్ని అచ్చు వేసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

ఇంట్లో దీపం పెట్టే వేళైంది. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఫొటోను బల్బు కింద పట్టుకుంది. తమ్ముడూ నేనూ పరీక్ష రాసిన పిల్లల్లా నిలబడ్డాం. అమ్మ వేలు తమ్ముడి భుజం మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచింది.

"అమ్మా, మబ్బు పట్టింది, అందుకే..." అన్నాడు తమ్ముడు.

"ఆగురా." ఇంకోసారి చూసింది. "తల్లి చెయ్యి తీసింది."

తమ్ముడు ఫొటో చూడడానికి ముందుకు వంగాడు.

"తియ్యదా మరి? రేపటి సంది నువ్వు బాయి దిగవు గద. ఆమెకు ఇంకా దిగెటోళ్లు మస్తుమంది ఉన్నరు." ఫొటో నా చేతికిచ్చి, బాపు పక్కన మేకు కొట్టమని తమ్ముడికి చెప్పి, ఒత్తి సవరించడానికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున రామగుండంలో రైలెక్కి పదకొండింటికల్లా హనుమకొండలో ఉన్నాను. కెమెరా నా దగ్గరే ఉంది. పట్టీ మార్పించమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంకా మార్పించలేదు. చెప్పకపోవడం అబద్ధం కిందికి వస్తుందో రాదో నాకిప్పటికీ తెలియదు. ఎండ లేక చార రాలేదని తెలుసు. అమ్మ మాటా తప్పని అనలేను. ఈ రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి, గోడ మీద ఆ రెండు ఫొటోల్లాగా. పూజలో కూర్చున్నప్పుడు దేన్నీ తేల్చమని అడగడం లేదు.

పాత కెమెరా కొనడానికి మీరూ బయల్దేరుతుంటే ఒక్క మాట. లోపాలేమైనా ఉన్నాయా అని అమ్మేవాళ్లను అడగకండి, ఎవరూ చెప్పరు. ఎండలోకి తీసుకెళ్లేటప్పుడు దీన్ని దేంట్లో చుట్టేవారు అని అడగండి.