అత్త అడిగిన నడక

మా మేనత్త పాలన్నీ మాకు పోసి, గిన్నె కడిగిన తెల్లనీళ్లు తాను తాగేది. "మీ బొక్కలు గట్టిపడాలె బిడ్డా, నాకిది సాలు" అనేది. భర్త పోయినప్పటి నుంచి ఆమెది ఒంటిపూట భోజనమే.

పోలీసు చర్య రోజుల్లో సికింద్రాబాదులో మా వీధి ఆడవాళ్లంతా ఇళ్లలోనే ఉండిపోయారు. గొడవలు చల్లారాక అమ్మ మళ్లీ మోండా మార్కెట్‌కు వెళ్లసాగింది. అత్తను మాత్రం నాన్న గడప దాటనివ్వలేదు. "నీకు బజార్ల ఏం పని అక్కా? జనం నోళ్లు మంచిగలేవు" అన్నాడు. మా ఇరుకింట్లోకి ఎండ కూడా వచ్చేది కాదు.

నేను లైబ్రరీలో ఆరోగ్య పుస్తకాలు వరుసబెట్టి చదివే కాలమది. వయసు మళ్లిన ఆడవాళ్ల ఎముకలు గుల్లబారతాయనీ, పాలు, రాగులు, ఎండ, రోజూ నడక ఉంటే ఆ ముప్పు తగ్గుతుందనీ ఒక సాయంత్రం ఆమెకు గొప్పగా వినిపించాను.

అత్త నవ్వింది. "నాకు చెప్తే ఏమొస్తది? గీ ముచ్చట మీ నాయినకు చెప్పు. జెర మార్కెట్ దాంక నడిచొస్తా."

చెప్తానన్నాను. నాన్న ఎదుట నోరు పెగల్లేదు. అట్లా రెండేళ్లు గడిచాయి.

ఒక పొద్దున పీట మీంచి లేవబోయి అత్త పక్కకు ఒరిగింది. తుంటి విరిగింది. డాక్టరు సరిగ్గా నేను చదివిన మాటలే చెప్పాడు. నాన్న తల పట్టుకున్నాడు. "గీ సంగతి ఎవరన్న ముందుగాల చెప్తే నేను ఆపుతుంటినా అక్కా?"

అత్త మంచం మీంచి నా వైపు చూసింది.

"ఎవ్వలు చెప్పలే తమ్మీ. మనింట్ల ఎవలకు ఎరుక?" అంది.

అప్పుడైనా నేను నోరు విప్పలేదు. అత్త మళ్లీ నడవలేదు.